ఎడమచేతి వయసు

ఆ పెద్ద షాపులో గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే ఎదురయ్యే మొదటి కౌంటరు ఆవిడది. అసలు పేరు పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అందరికీ ఆవిడ క్రీముల అక్క. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడ పలుకుతుంది. మొహం మీద గీతలు పడుతున్నాయని దిగులుగా వచ్చిన మనిషిని ముందు స్టూలు మీద కూర్చోబెడుతుంది. "నిలబడి చెప్పుకునే బాధా ఇది? కూర్చోండి" అంటుంది. సీసాలు బయటికి తీసేది ఆ తరవాతే.

ఆవిడ పనికి ఒక పద్ధతి ఉంది. ఏ క్రీమైనా సరే, ముందు తన ఎడమచేతి వెనకాల చుక్క పెట్టుకుంటుంది. కుడిచేతి వేలితో గుండ్రంగా రాసి, ఆ చెయ్యి ఎదుటివాళ్ళ ముందుకు చాపుతుంది. "ముట్టుకుని చూడండి. జిడ్డుందా? లేదు కదూ." పొద్దున రాసేది, పడుకునేముందు రాసేది, ఎండలోకి వెళ్ళేముందు రాసేది, కంటికింద రాసేది, అన్నీ ఆ ఎడమచేతి మీదే. ఇరవై ఏళ్ళ పైచిలుకు నించీ అది ఒక్కటే ఆవిడకి బోర్డూ, పలకానూ. ఇక కుడిచెయ్యి రాసే చెయ్యి. బిగుసుకున్న మూతలు తిప్పేదీ, గాజు బల్ల తుడిచేదీ, ఇంటికెళ్ళాక గిన్నెలు తోమేదీ, దుప్పట్లు పిండేదీ అదే.

ఇన్నేళ్ళలో తేడా ఆవిడ కంట పడలేదు. ఒక మధ్యాహ్నం జనం పల్చగా ఉన్నప్పుడు, పక్క కౌంటరులో లిప్‌స్టిక్కులు అమ్మే పిల్ల ఇటు వంగి, బల్ల మీద పక్కపక్కనే ఉన్న ఆవిడ చేతుల్ని తేరిపార చూసింది.

"అక్కా, ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి. ఈ రెండూ ఒక మనిషి చేతులు కావు."

"మరెవరివే?"

"ఇది పెళ్ళికూతురిది. ఇదేమో పెళ్ళికూతురి అమ్మమ్మది."

ఇద్దరూ నవ్వుకున్నారు. లిప్‌స్టిక్ పిల్ల నవ్వి మర్చిపోయింది. క్రీముల అక్క మర్చిపోలేదు. ఇంటికి వెళ్ళే బస్సులో పైన కమ్మీ పట్టుకున్నప్పుడల్లా చేతులు మార్చి మార్చి చూసుకుంది. ఎడమచెయ్యి నున్నగా, నరాలు కనబడకుండా ఉంది. కుడిచెయ్యి మీద గోధుమరంగు మచ్చలు, కణుపుల దగ్గర ముడతలు. దిగవలసిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచి వచ్చింది.

ఆ వారమే మేనేజరు అందర్నీ పిలిచి కబురు చెప్పాడు. మంచి మనిషి. మాట చెప్పడానికి ఇబ్బంది పడుతూ, మెళ్ళోని గుర్తింపు కార్డుని తిప్పుతూ నిలబడ్డాడు.

"హెడ్డాఫీసు నించి ఒకావిడ వస్తారు. కింది ఫ్లోరు కౌంటర్లలో ఉన్న వాళ్ళందరి ఫొటోలూ తీస్తారు. ఇకమీదట వస్తువుతోపాటు అమ్మే మొహం కూడా నచ్చాలని వాళ్ళ ఆలోచన. కుదిరినవాళ్ళు ఇక్కడే. కుదరనివాళ్ళకి ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఈ ఫ్లోరు కింద ఉన్న భూగృహంలో ప్యాకింగుకి మారుస్తారు. జీతమూ అంతే ఉంటుంది."

జీతం అంతే ఉంటుందన్న మాటకి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. క్రీముల అక్క మాత్రం పీల్చుకోలేదు. భూగృహం ఆవిడకి తెలుసు. కిటికీ ఉండదు. అట్టపెట్టెలూ, టేపు చప్పుడూ తప్ప అక్కడికి కొనేవాళ్ళెవరూ రారు.

ఆవిడకి కావలసింది కొనేవాళ్ళే. ఇంట్లో భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. చక్కటి మనిషే గానీ మాటలు తూచి వాడతాడు. అత్తగారికి చూపు బాగా తగ్గింది, ఎక్కువసేపు మంచం మీదే ఉంటుంది. క్రీముల అక్కలోని మాటలన్నీ ఖర్చయ్యేది ఆ కౌంటరు దగ్గరే. భర్త పోయాక ఏడాది పాటు అద్దం చూడలేదని చెప్పిన మనిషి మళ్ళీ మొదటిసారి చూసుకున్నది అక్కడి అద్దంలోనే. ఏమీ కొనకుండా పావుగంట కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. రోజూ పొద్దున బల్ల తుడిచాక ఆవిడ కళ్ళు మూసుకుని, "ఇవాళ వచ్చేవాళ్ళకి నా నోటివెంట మంచిమాటే రానీ స్వామీ" అనుకునేది. అది దేవుడు తనకి చూపించిన చోటు అని ఆవిడ నమ్మకం. ఆ చోటు ఇప్పుడు మొహం మీద ఆధారపడి ఉంది.

ఆ సాయంత్రం అద్దం ముందు కూర్చుని తన మొహాన్నే, క్రీము కొనడానికి వచ్చినవాళ్ళ మొహంలా చూసింది. నుదుటి మీద అడ్డగీతలు. కళ్ళ పక్కన కాకి కాళ్ళు. పెదవుల చివరల్నించి గడ్డం దాకా రెండు గాట్లు. ఊరందరి మొహాలకీ దారి చెప్పిన మనిషి తన మొహాన్ని సబ్బునీళ్ళకి వదిలేసింది. రోజంతా క్రీములు పట్టుకున్న చేతులతో ఇంటికొచ్చి మళ్ళీ క్రీము ముట్టుకోవాలంటే ఆవిడకి వెగటు. వంట చేసేవాడికి తన వంట తినబుద్ధి కానట్టే.

మర్నాటి నించీ మొదలుపెట్టింది. పొద్దున గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని, తుడవకుండా మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరకముందే క్రీము. దాని మీద ఎండకి రాసేది. మొహానికి ఆపెయ్యకుండా మెడకీ, చెవులకీ కూడా. సాయంత్రం మళ్ళీ కడిగి చిక్కటి క్రీము, కిందనించి పైకి. ఇన్నేళ్ళూ పదిమందికి పాఠంలా చెప్పిందే. కాకపోతే పదిమందికి చెప్పేటప్పుడు, "చర్మం తొందరపడదండీ, నెలలు పడుతుంది, మీరు కూడా తొందరపడకండి" అని కలిపేది. ఇప్పుడు ఆ మాట తనకి తను చెప్పుకోలేకపోయింది. కాలు కాలిన పిల్లిలా అద్దం చుట్టూ తిరిగేది. వంటింట్లో స్టీలు మూతలోనూ, బస్సు అద్దంలోనూ, భర్త అరగదీసి తెచ్చిన కళ్ళద్దాల్లోనూ మొహం వెతుక్కునేది.

"వంటింట్లోకి వెళ్ళడానికి కూడా ఎండ క్రీమా?" అన్నాడు భర్త ఒకరోజు.

"పొయ్యి వేడి లేదూ?"

ఆయన ఆవిడ వంక చూసి, "నాకు నువ్వు బాగానే కనబడుతున్నావు" అన్నాడు.

"మీరు కళ్ళజోడు పెట్టుకుని అనండి ఆ మాట."

ఆయన నిజంగానే లోపలికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, చూసి, అదే మాట మళ్ళీ అన్నాడు. ఇంకో రోజైతే ఆవిడ మురిసిపోయేది. ఆ రోజు చిరాకుపడింది.

సాయంత్రాలు అత్తగారి వీపుకి నూనె రాయడం ఆవిడ పని. పెద్దావిడ చర్మం ఉల్లిపొరలా పల్చబడి, పొడిబారి, ఒకటే దురద. ఆ రోజు పరధ్యానంగా ఎడమచెయ్యి వేసింది.

"ఇది కాదే అమ్మాయ్. నీ చెయ్యి వెయ్యి" అంది అత్తగారు.

"ఇదీ నాదే అత్తయ్యా."

"ఏమో. ఇది ఎవరో డాక్టరమ్మ చెయ్యిలా జారిపోతుంది. రెండోది గరుగ్గా ఉంటుంది చూడు, అది వేస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ, అదీ. కాస్త పైకి."

కుడిచేత్తో రాస్తూనే ఆవిడ మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. హెడ్డాఫీసు ఆవిడ వచ్చేది పై వారమే.

సరిగ్గా అప్పుడే కొత్త సీరం వచ్చింది. చిన్న గోధుమరంగు సీసా, మూతకి గాజు గొట్టం. మొహం మీది పాతపొర తీసేసి కింది కొత్తపొర బయటపెడుతుందట. ఆరువారాల్లో పదేళ్ళు తగ్గుతాయని పెట్టె మీదే అచ్చువేశారు. కొత్త వస్తువు ఏది వచ్చినా మొహానికి పెట్టేముందు చేతి మీద రాసి కొన్నాళ్ళు ఆగి చూడమని ఆవిడ అందరికీ చెబుతుంది. తనూ ఆ నియమం తప్పలేదు. ఎడమచేతి మీద చుక్కవేసి రాసింది. మర్నాడు చూసింది. ఎరుపు లేదు, మంట లేదు. మళ్ళీ రాసింది. చెయ్యి ఏమీ అనలేదు. మూడోరోజు చెయ్యి ఇంకాస్త నిగనిగలాడింది.

ఇక ఆగలేదు. ఆ సాయంత్రమే మొహమంతా రాసుకుంది. కొద్దిగా చురుక్కుమంది. పని చేస్తోందనుకుంది. పల్చగా రాయమని పెట్టె మీద ఉన్నా, ఉన్న రోజులు తక్కువ కాబట్టి మందంగా రాసింది. రెండోరోజుకి బుగ్గలు ఎర్రబడ్డాయి. రంగు వచ్చిందనుకుని ఇంకోసారి రాసింది. మూడోరోజు తెల్లవారి మొహం కడుక్కుందామని నీళ్ళు చల్లుకుంటే నిప్పులు చల్లుకున్నట్టయింది. అద్దంలో చూసుకుంది. కళ్ళకింద వాపు, గడ్డమంతా కందిపోయి, ముక్కు పక్కన చర్మం పొరలు పొరలుగా లేస్తోంది.

భర్త పనికి సెలవు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బస్సులో ఎండ పడేవైపు తను కూర్చుని, ఆవిడ మొహానికి తన టోపీ అడ్డం పెట్టాడు. డాక్టరు చూసి, "దీనికి మందంటే ఏమీ రాయకపోవడమే. ఉత్త వాజలైన్ తప్ప రెండువారాలు ఏదీ ముట్టుకోవద్దు. పౌడరు కూడా వద్దు. మచ్చ పడదులెండి, భయపడకండి" అన్నాడు.

రెండువారాలు పౌడరు కూడా వద్దన్న మాట దిగమింగుకోలేక ఇంటికొచ్చి అత్తగారి మంచం దగ్గర కూలబడింది. పెద్దావిడ చేత్తో తడిమి మొహం మీద వేలు పెట్టబోతే, "వద్దత్తయ్యా, మండుతుంది" అంది.

"ఏం రాశావే?"

"కొత్త మందు. ఊరికే రాయలేదు, చేతి మీద చూసుకునే రాశాను."

"ఏ చెయ్యి?"

"ఎడమచెయ్యి. ఎప్పుడూ చూసేది దాని మీదే కదా."

పెద్దావిడ ఆ ఎడమచెయ్యి అందుకుని తడిమింది. తరవాత మెల్లిగా, "దానికి ఇన్నేళ్ళుగా ఏవేవో పూస్తూ వచ్చావు. అది ఇంకా దేనికి ఉలిక్కిపడుతుందే? నన్నడిగితే కుడిచేతి మీద చూడమనేదాన్ని" అంది.

నిజమే. ఆ చెయ్యి అన్నింటికీ అలవాటుపడి మొద్దుబారిపోయింది. ఎవరికో చూపించడానికి పెట్టుకున్న చేతిని నమ్మి, ఎన్నడూ ఏదీ ఎరగని మొహం మీద ఒలకబోసుకుంది. తప్పు సీరందీ కాదు, చేతిదీ కాదు. తొందరదే. మనసులో దేవుణ్ణి తలుచుకుంది. ఏం అడగాలో తెలియక, ఏదీ అడగకుండానే లేచి వంటకి వెళ్ళింది.

హెడ్డాఫీసు ఆవిడ వచ్చేరోజు మేనేజరు ముందే ఫోను చేశాడు. "అక్కా, ఇవాళ సెలవు పెట్టుకోండి. ఒంట్లో బాగాలేదని నేను చెబుతాను."

"సెలవు పెడితే ఫొటో ఉండదు కదా సార్."

"ఉండదు."

"ఫొటో లేనివాళ్ళు ఎక్కడికి?"

జవాబు కోసం చూడకుండా ఫోను పెట్టేసింది. ఆవిడ బయల్దేరింది.

షాపులో లిప్‌స్టిక్ పిల్ల ఆవిణ్ణి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత రంగుల పెట్టె తెరిచి, "అక్కా, కూర్చోండి. పావుగంట ఇవ్వండి నాకు. లోపల ఏముందో మీ అమ్మ కూడా కనిపెట్టలేదు" అంది.

"ఏదీ పుయ్యకూడదన్నారే."

"ఒక్క గంట."

"ఆ గంటలో ఊడొచ్చేది నా చర్మం తల్లీ." పిల్ల కళ్ళు చెమర్చడం చూసి, "నువ్వు బాగా కుదిరావు ఇవాళ. ఆ ఎరుపు కాస్త తగ్గించు, నీకు లేతరంగే బావుంటుంది" అంది. పిల్ల బుద్ధిగా తుడుచుకుంది.

హెడ్డాఫీసు ఆవిడ గయ్యాళి కాదు. నడివయసు, మెడ చుట్టూ సిల్కు గుడ్డ, మెత్తటి గొంతు. వెంట ఒక ఫొటోగ్రాఫరు. కౌంటరు కౌంటరుకీ ఆగి ఫొటోలు తీయిస్తూ వస్తుంటే క్రీముల అక్క బల్ల మీద ఉన్న సీసాల్నే మళ్ళీ మళ్ళీ సర్దింది. హెడ్డాఫీసు ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడి మొహం చూసి, "అయ్యో, ఏమైందండీ?" అంది.

పొయ్యి ఆవిరి కొట్టిందని చెబుదామని క్రీముల అక్క బస్సులో అనుకుంటూ వచ్చింది. పొద్దున కళ్ళు మూసుకుని అడిగిన మాట గుర్తొచ్చింది. "మన కొత్త సీరమేనండీ. చెప్పినదానికంటే మందంగా రాశాను. తొందరపడ్డాను."

హెడ్డాఫీసు ఆవిడ నొచ్చుకుంది. ఫొటోగ్రాఫరుకి వద్దన్నట్టు సైగ చేసింది. అంతలో ఆవిడ చూపు బల్ల మీది ఎడమచేతి మీద పడింది. వంగి, కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఈ చెయ్యి మీదేనా?" అంది. రెండో చెయ్యి పక్కన పెట్టమంది. రెండూ చూశాక మొహం విప్పారింది.

"మీకు ఒక దారి ఉందండీ. ఈ ఎడమచేతిని ఫొటో తీద్దాం. సీసా పట్టుకున్నట్టు. సీరం పోస్టరుకి అదే వేద్దాం. ఆరువారాల్లో ఇలా అని. పోస్టరు మనిషి పోస్టరు దగ్గరే ఉండాలి కాబట్టి మీ కౌంటరు మీకే ఉంటుంది. నేను చూసుకుంటాను."

పక్కన మేనేజరు మొహం వెలిగింది. లిప్‌స్టిక్ పిల్ల బల్ల కింద చేతులు జోడించింది. క్రీముల అక్క తన ఎడమచేతి వంక చూసుకుంది. చాపితే చాలు. రోజూ చాపే చెయ్యే.

"ఆరువారాల్లో కాదండీ" అంది. "ఇరవై ఏళ్ళు పట్టింది. అదీ అన్ని రకాలూ కలిపి. పైగా ఎప్పుడూ ఈ షాపు నీడలోనే ఉంది."

"జనానికి ఆ వివరం ఎందుకండీ."

"ఇరవై ఏళ్ళని వెయ్యండి, చెయ్యి ఇస్తాను."

హెడ్డాఫీసు ఆవిడ నవ్వింది, వెక్కిరింపుగా కాదు. "ఇరవై ఏళ్ళంటే ఎవరు కొంటారు?"

"అదీ నిజమే" అంది క్రీముల అక్క. ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వితే మొహం మండింది. "కానీ ఆ పోస్టరు చూసి కొనేవాళ్ళు వచ్చి కూర్చునేది నా స్టూలు మీదేనండీ. వాళ్ళు నా వంక చూస్తే నాకు మొహం చెల్లదు."

హెడ్డాఫీసు ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా చేతిలో ఉన్నది ఇంతే. ఆలోచించుకోండి" అంది. సాయంత్రం దాకా ఆగింది కూడా. క్రీముల అక్క రెండుసార్లు ఆవిడ ఉన్న గది తలుపు దాకా వెళ్ళింది. రెండుసార్లూ తలుపు కొట్టకుండా వెనక్కి వచ్చింది.

ఒకటో తారీఖు నించి భూగృహం.

మొదటిరోజుల్లో ఆవిడకి నిలకడ లేదు. లిఫ్టు దిగిన చప్పుడైతే చాలు తలెత్తి చూసేది. వచ్చేవి బండి మీద పెట్టెలే. మొహం నయమైంది, మచ్చ పడలేదు, గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైన లిప్‌స్టిక్ పిల్లకి కుదిరింది, ఇప్పుడు రెండు కౌంటర్లూ ఆ పిల్లే చూస్తోంది. అది తలుచుకున్నప్పుడు సంతోషమూ, గుచ్చుకోవడమూ రెండూ కలిసి వచ్చేవి. గుచ్చుకోవడం తప్పని దేవుడికి చెప్పుకునేది గానీ, అది మానేది కాదు.

ప్యాకింగు బల్ల దగ్గర ఆవిడ ఎదుట నిలబడే మనిషిని అందరూ టేపు వదిన అంటారు. కత్తెర లేకుండా టేపు తెంపగలదు. ఒకరోజు ఆ వదిన అట్టపెట్టె మడుస్తూ చెయ్యి వెనక్కి లాక్కుంది. పెట్టె మీద చిన్న రక్తపు చుక్క.

"కోసుకుందా?"

"కోసుకోవడం ఏముంది, పగుళ్ళే. అట్ట తడంతా పీల్చేస్తుంది. ఇక్కడందరి వేళ్ళూ ఇంతే. పైన అన్ని క్రీములు అమ్ముతారు, కిందికి ఒక్కటీ దిగదు."

ఆవిడ చుట్టూ చూసింది. బల్ల పొడుగునా చేతులే. మొహాలు వంగి ఉన్నాయి, చేతులు మాత్రం దీపాల కింద స్పష్టంగా కనబడుతున్నాయి. అన్నీ తన కుడిచేతి తోబుట్టువులు.

మర్నాడు పొద్దున కౌంటరు దాకా వెళ్ళి, రాసి చూపించడానికి తెరిచి సగమైన సీసాలు ఏం చేస్తున్నావని లిప్‌స్టిక్ పిల్లని అడిగింది. "పారేస్తున్నానక్కా" అంది పిల్ల. మేనేజరుతో ఒక మాట చెప్పి తీసుకుంది. ఆయన ఒక పాత స్టూలు కూడా తనే మోసుకుని కిందికి తెచ్చాడు, "ఇది మీది లెండి" అంటూ. భోజనం వేళ టేపు వదినని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నిలబడి రాయించుకోరాదా?" అంది వదిన.

"రాదు. చేతులు కడిగాక తడి ఆరకముందే రాయాలి. అదొక్కటి గుర్తుపెట్టుకో, మిగతాదంతా హంగు."

ఈసారి ఎడమచేతి మీద చుక్క పెట్టలేదు. తిన్నగా వదిన చేతిలోనే పెట్టింది. వదిన చెయ్యి కళ్ళ దగ్గర పెట్టుకుని, "పదేళ్ళు తగ్గానా?" అంది.

"పగుళ్ళు తగ్గితే చాల్లే ముందు."

అవతల ఎవరో కిసుక్కుమన్నారు. వెనకాల ఇంకొకామె వచ్చి నిలబడింది. తరవాత పెట్టెల బండి తోసే ఆయన, నాకు కాదు, మా ఆవిడకి అంటూ.

కౌంటరు మీది బెంగ పోయిందని చెబితే అబద్ధం. లిఫ్టు చప్పుడుకి ఇప్పటికీ తలెత్తుతుంది. ఒకసారి నిజంగానే పాత మనిషి ఒకామె, ఆ ఏడాది పాటు అద్దం చూడనామె, లిప్‌స్టిక్ పిల్లని వెంటబెట్టుకుని దిగి వచ్చింది. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని, ఏమీ కొనకుండా, మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

అట్టా, టేపూ రెండు చేతులకీ సమానమే. చలిరోజులు వచ్చేసరికి ఎడమచేతి కణుపుల మీద కూడా గరుకు మొదలైంది. ఒక సాయంత్రం అత్తగారి వీపుకి నూనె రాస్తూ, చూద్దామని ఆ చెయ్యే వేసింది.

పెద్దావిడ ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "కాస్త పైకి" అంది.